పది శాతం వెలుగు

జీఁ... అని ముందు వినబడింది.

తలుపులు మూసి, తెరలు దించి, మిట్టమధ్యాహ్నాన్ని గుమ్మం బయటే నిలబెట్టిన హాలు అది. ఆ చప్పుడు నెత్తిమీద ఎక్కడో పుట్టి, పంటికింది ఇసుకరేణువులా సన్నగా, విసుగ్గా, విడవకుండా సాగింది. దోమ అనుకుందామంటే దోమకు అంత ఓపిక ఉండదు. తుమ్మెద అనుకుందామంటే గోదావరిఖనిలో పూలపొడికంటే బొగ్గుపొడి ఎక్కువ. తుమ్మెదకు ఇక్కడ పనిలేదు.

"కొంచెం పెంచు జునైద్," అంది చీకట్లోంచి ఒక మెత్తని గొంతు.

"పెంచుతనే ఉన్న సార్. మొత్తుకుంటంది గని వెలుగుతలేదు."

"ఇంకొంచెం."

టప్పున హాలంతా ఒక్కసారిగా తెల్లారిపోయింది. వేదిక మీద, వెలుగును కొలిచే మీటరు చేతబట్టుకుని, కళ్లు చికిలిస్తూ నిలబడి ఉన్నాడు విష్ణువర్ధన్. కమ్యూనిటీ హాలు కరెంటు వ్యవహారాలు చూసే కుర్ర ఇంజనీరు. వేదిక పక్కన, తెర చాటున, గోడమీది గుండ్రని మీటను రెండు వేళ్లతో పట్టుకుని ఉన్నవాడు ఎలక్ట్రీషియన్ జునైద్.

"మెల్లగ రమ్మంటె రాదు. మెల్లగ పొమ్మంటె పోదు. గిదేం లైటు సార్, మా మేనమామ లెక్క! దావత్‌కు వస్తె ఇల్లంత లొల్లి, పోతె సలాం చెప్పకుంట పోతడు," అన్నాడు జునైద్.

విష్ణువర్ధన్ నవ్వాడు. నవ్వడం వరకు అతనికి చేతనవును. పదిమంది ముందు మాట్లాడడమే చేతకాదు.

ఆ దీపాల సంగతి అతనికి తెలియనిది కాదు. ఎల్‌ఈడీ దీపం వెనక డ్రైవర్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. బుద్ధిమంతుడైన గుమాస్తా వంటిది. పైనుంచి వచ్చే సరఫరా హెచ్చినా తగ్గినా, దీపానికి తాను ఇవ్వవలసింది ఇస్తూనే ఉంటుంది. మీట తిప్పి సరఫరాకు కొంచెం కోత పెడితే, ఆ కోతను తనలోనే దిగమింగుకుంటుంది. ఇంకొంచెం కోస్తే కాస్త తగ్గి సణుగుతుంది. వినబడిన జీ అదే. ఇంకా కోస్తే రెపరెపలాడుతుంది. ఆపైన కోస్తే అలిగి ఆరిపోతుంది. ఒకసారి ఆరిందా, మీటను సగానికి పైగా తిప్పి బతిమాలితే తప్ప మళ్లీ ముఖం చూపదు. చెప్పినట్టు తగ్గే డ్రైవర్లు బజారులో లేకపోలేదు. హాలు కమిటీ కొన్నవి అవి కావు. కొన్న దీపాల అట్టపెట్టెల మీద "డిమ్మర్‌తో వాడరాదు" అని చీమతలకాయంత అక్షరాల్లో అచ్చువేసే ఉంది. ఆ అట్టపెట్టెలు ఇప్పుడు కమిటీ గదిలో, ఊగే బల్ల కాలికింద మడతపడి, బుద్ధిగా సేవ చేస్తున్నాయి.

ఇంతకూ ఆ దీపాలను తగ్గించవలసిన అవసరం ఏమొచ్చింది? అదొక ఫోటో మహిమ.

బొగ్గుబావుల ఊళ్లలో నెలాఖరు అంటే సన్మానాల రోజు. ఉద్యోగం నుంచి దిగిపోయేవారందరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, శాలువాలు కప్పి, బంతిపూల దండలు చెవులదాకా వేసి, డప్పులతో ఇంటిదాకా సాగనంపుతారు. పోయిన నెలాఖరున ఒక పంపు ఆపరేటరు, కొత్త తలపాగాతో, నుదుట పెద్ద బొట్టుతో, కొత్త దీపాల కింద కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోయాడు. అతని పక్కన హాలు కమిటీ అధ్యక్షులు, పెద్ద అధికారి శ్రీ సూర్యప్రకాశరావుగారు నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే రెప్పవేశారు. పత్రికలో పడిన బొమ్మలో పంపు ఆపరేటరు ఉదయిస్తున్నాడు, సూర్యప్రకాశరావుగారు అస్తమిస్తున్నారు.

మర్నాడు కూరగాయల మార్కెట్లో ఆయన సతీమణి లలితాంబగారిని ముగ్గురు ఆపి మరీ అడిగారు, సారుకు పాణం బాగలేదా, ఏ దవాఖానల చూపిస్తున్నరు అని. ఆమె వంకాయల సంచీతోపాటు ఆ ప్రశ్నను కూడా ఇంటికి మోసుకొచ్చి భర్త ముందు దింపారు.

ఆ సాయంత్రమే కమిటీ సమావేశమైంది.

"కుర్చీకి ఒక పద్ధతుంది," అన్నారు రావుగారు, బల్లమీద వేలు ఆనించి. "శాలువాకు ఒక పద్ధతుంది. ఆఖరికి టీ కప్పుకు కూడా పద్ధతుంది. మాకు సాసరుతో, మిగతావాళ్లకు సాసరు లేకుండా. మరి వెలుగుకే పద్ధతి లేకపోతే ఎలాగయ్యా? అందరిమీదా ఒకేలా పడిపోతే ఇంక హోదా అనేదానికి అర్థమేముంది?"

కమిటీ కార్యదర్శి, సంక్షేమాధికారి రఘురామ్, అర్థం లేదని వెంటనే ఒప్పుకున్నాడు. ఆ విధంగా ఒక నిబంధన పుట్టింది. వేదిక మీద అధికారులకు నూరు శాతం వెలుగు. ఫోర్‌మన్లకు సగం. తక్కిన సిబ్బందికి పది శాతం. ఎవరి వంతు వచ్చినప్పుడు వెలుగు వారి హోదాకు తగ్గట్టు దిగాలి. దిగేటప్పుడు "సంధ్యాకాలంలాగ, మెల్లగా, గంభీరంగా" దిగాలి. ఆ మాటలు రావుగారివే. "ఏమయ్యా విష్ణువర్ధన్, అవుతుంది కదా?"

కాదని చెప్పడానికి విష్ణువర్ధన్ నోరు తెరిచాడు. ఈ డ్రైవర్లు అలా దిగవని, పదికి చేరకముందే ఆరిపోతాయని, వాక్యం వాక్యంగా లోపల కట్టుకున్నాడు. బల్ల చుట్టూ ఉన్న ముఖాలన్నీ తనవైపు తిరిగాయి. అతని గొంతు కూడా ఆ పెట్టెల జాతిదే. తగ్గి మాట్లాడడం, సణిగి మాట్లాడడం దానికి తెలియదు. ఒత్తిడి ఒక గీత దాటితే పూర్తిగా మూతపడుతుంది.

"చూస్తాం సార్," అన్నాడు.

చూశారు. మొదటి పరీక్షకు రావుగారే స్వయంగా వేదికెక్కి నూరు శాతం వెలుగులో నిలబడ్డారు. ఆయన దిగాక, సణుగుతున్న సగం వెలుగులో రఘురామ్‌ను నిలబెట్టారు. రావుగారు కిందనుంచి చాలాసేపు పరీక్షించి, ముఖం ముడుచుకున్నారు.

"ఇదేంటయ్యా, ఇతను కూడా దాదాపు నాలాగే కనిపిస్తున్నాడు!"

మీటరు సగమనే చూపుతోంది. కన్ను మాత్రం సగమని ఒప్పుకోదు. వెలుగు సగమైతే కంటిపాప కొంచెం విచ్చుకుని, ఆ లోటును చాలామటుకు పూడ్చేస్తుంది. మనిషి కన్నుకు నిబంధనలు చదివే అలవాటు లేదు. ఇదంతా విష్ణువర్ధన్ వివరించాలనుకున్నాడు. "చూస్తాం సార్," అనే అన్నాడు.

రఘురామ్ కలవరపడి, "నేను కావాలని వెలగలేదు సార్," అని విన్నవించుకున్నాడు.

*

మొదట చెప్పిన ఆ చీకటి-వెలుగుల పరీక్ష నడుస్తున్న మధ్యాహ్నమే హాలు పక్కతలుపు తెరుచుకుంది. చాయ్ కెటిల్, గాజుగ్లాసుల బుట్ట, వాటి వెనక చాయవ్వ లోపలికొచ్చారు. కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు ఒకసారి వణికాయి. ఆమె చేతిలోని గ్లాసులు వణకలేదు. అలవాటైన చేతులు.

భర్త సదానందం పోయినప్పుడు వారసత్వంగా వచ్చిన ఉద్యోగం ఆమెది. అప్పటినుంచి ఆఫీసులో చాయ్ పోస్తూ, నీళ్లు అందిస్తూ, తలలు నెరసినవారిని పంపిస్తూ, మీసాలు రానివారిని ఆహ్వానిస్తూ ఉంది. ఈ నెలాఖరుకు ఆమె కూడా దిగిపోతోంది.

"తాగుండ్రి. చల్లారితె మల్ల వేడి జేసేటోళ్లు ఉండరు ఇగ," అంది, గ్లాసు అందిస్తూ.

"నువ్వు పోతె ఎట్లనే చాయవ్వా? మిషిను పెడ్తరట," అన్నాడు జునైద్. "బటన్ ఒత్తితె చాయ్ వస్తదట."

"రానియ్. బటన్ తిడ్తదా? నేనైతె తిడ్త. తిట్టు లేంది చాయ్ నీకు అరుగుతదా?"

జునైద్ పకపకా నవ్వి, గ్లాసుతో తెర చాటుకు పోయాడు. ఆమె మాత్రం కదలలేదు. కొంగులోంచి ఒక ఆహ్వానపత్రం తీసి విష్ణువర్ధన్ చేతిలో పెట్టింది.

"సారూ, జర సదువు. నా పేరు ఏడున్నదో చూడు."

అతను చదివాడు. పేర్ల వరుసలో అన్నిటికంటే కింద ఇలా ఉంది: కీ.శే. సదానందం గారి భార్య.

"ఇదేనవ్వా..."

"అది ఆయిన పేరు బిడ్డా. ఆయిన పేరు మంచిదే. ఆయిన పేరు మీదనే బువ్వ తిన్న. గని దిగిపోయేది ఆయిననా, నేనా?" ఆమె గొంతులో కోపం లేదు; చాయ్‌లో చక్కెర తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఇంట్ల జమునకు అమ్మను. మనుమలకు అమ్మమ్మను. గీడ చాయవ్వను. నాకో పేరున్నదని ఎవ్వలకన్న ఎరికేనా? నీకెరికేనా?"

విష్ణువర్ధన్ ఆమె చేతివైపు చూశాడు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు, పేరు చెప్పడానికి గొంతు పెగలక నిలబడిపోయినప్పుడు, ముందు చాయ్ తాగు బిడ్డా, పేరు ఏడికి పోదు అని గ్లాసు అందించిన చేయి అది. అతని పేరును ఆవిడ ఆరోజే అడిగి తెలుసుకుంది. ఆవిడ పేరు అడగాలని అతనికి ఇన్నేళ్లలో తోచలేదు.

"ఎరుక లేదవ్వా," అన్నాడు. "ఏం పేరు?"

"ఇగో, ఇప్పుడన్న అడిగినవ్." ఆమె కెటిల్ కింద పెట్టింది. "సెకండ్ షిఫ్టు దిగి వస్తుంటె సదానందం గల్లీ మొగల్నుంచే పేరు పెట్టి పిలుస్తుండె. సిగ్గు లేదా మీకు, గల్లీ అంత వింటరు అనేదాన్ని. విననీయవె, పేరు పెట్టింది ఎందుకు అనేటోడు. ఆయిన పోయినంక ఆ పేరుతోని నన్ను ఎవ్వలు పిల్వలే. ఒక్క కోరికున్నది బిడ్డా. ఆ దినం, అందరి ముంగట, నా పేరు గట్టిగ పిలువాలె. ముంగట కీర్తిశేషులు వద్దు. ఎనుక భార్య వద్దు. ఒట్టి పేరు. నేను చెప్పుకునుడు కాదు, ఇంకొకలు పిలువాలె."

ఆపైన దగ్గరికి వంగి, తన పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడే రాసేయడానికి కలానికి అడ్డేమీ లేదు. అయితే అది ముందు సభలోనే వినబడాలని ఆమె కోరిక. కథ కూడా ఆ మర్యాద పాటించవలసిందే.

"పిలిపిస్తనవ్వా," అన్నాడు విష్ణువర్ధన్. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని నమ్మకం కలగక, చల్లారిన చాయ్‌ను ఒక్క గుక్కలో తాగేశాడు.

*

మర్నాడు సంక్షేమాధికారి గది ముందు అటూ ఇటూ తిరిగి, చెప్పవలసిన నాలుగు మాటలు పెదవుల మీద అరిగిపోయేదాకా వల్లెవేసి, లోపలికి వెళ్లాడు.

"పేరా?" అన్నాడు రఘురామ్. "ఆవిడకి పేరెందుకోయ్? వారసత్వం కేసుల్లో ఫలానా వారి భార్య అనే రాస్తాం. నమూనా అంతే."

"ఆవిడ అడుగుతున్నారు సార్."

"అడిగితే నమూనా మారుతుందా? సార్ చదివే కాగితం ఆయన సంతకమయ్యాక అచ్చయిపోయింది కూడానూ." తరువాత ఏమనుకున్నాడో, ఈ కుర్రాడు తనను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి గనక ముచ్చటపడ్డాడో, సొరుగులోంచి పెన్సిలు తీశాడు. "సరే, చెప్పు. కింద చిన్నగా రాస్తాను. సార్ చూస్తే చదువుతారు. చూడకపోతే నన్ననకు."

రాశాడు. అచ్చు అక్షరాల కింద, బూడిదరంగులో, నిద్రపోతున్న చీమల బారులా ఆ పేరు పడుకుంది.

విష్ణువర్ధన్ కృతజ్ఞతతో బయటికి వచ్చి, మెట్లమీద ఆగిపోయాడు. ఆమె వంతు వచ్చేసరికి వెలుగు పది శాతానికి దిగాలి. నిబంధన ప్రకారం దిగినా ఆ వెలుగులో పెన్సిలు గీతలు కనబడవు. దిగకుండా ఆరిపోతే కాగితమే కనబడదు. హోదా తక్కువైనకొద్దీ వెలుగు తక్కువ, వెలుగు తక్కువైనకొద్దీ పేరు చదవడం కష్టం. ఎవరూ కుట్ర చేయనక్కరలేదు; పద్ధతి ప్రకారం నడిస్తే చాలు.

ఉపాయం జునైద్ తెచ్చాడు. చౌరస్తాలో వాళ్ల అబ్బా గులాం అలీకి పెళ్లిళ్లకు లైట్లు కిరాయికిచ్చే దుకాణం ఉంది. అక్కడి అటక మీద పాతకాలపు తీగ బల్బులు, ఎవరూ అడగనివి, దుమ్ముకొట్టుకుని ఉన్నాయి.

"ఒక పలక మీద గివి బిగిద్దాం సార్. కొత్త లైట్లకు జోడీగ పెడ్దాం. పాతోడు పక్కన కూసుంటె కొత్తోనికి ధైర్యమొస్తది. సైన్సు గిదే."

"సైన్సు అది కాదు జునైద్."

"మరి ఏంది?"

"ఈ మీట పాత బల్బుల కోసం చేసింది. నిలకడగా కరెంటు లాగే బరువు ఒకటి ఉంటేనే ఇది సరిగ్గా పనిచేస్తుంది. కొత్త దీపాలు మరీ తేలిక. పాత బల్బులు ఆ బరువు ఇస్తాయి."

"నేను చెప్పింది గదే గద సార్. మీరు ఇంగ్లీషుల చదువుకున్నరు, నేను అటక మీద చదువుకున్న," అన్నాడు జునైద్. ఓడిపోవడం అతని వంశంలో లేదు.

పలక బిగించి, వేదిక వెనక సామాన్ల గదిలో పెట్టి, తీగలు కలిపారు. మీట తిప్పితే దీపాలు సణగకుండా, రెపరెపలాడకుండా, దాదాపు మూడోవంతుదాకా దిగాయి. అంతకంటే కిందికి తిప్పితే మాత్రం, ధైర్యం చెప్పిన పాతవాడి ఎదుటే, టక్కున ఆరిపోయాయి.

మూడోవంతు చాలు. విష్ణువర్ధన్ మనసులో ఒక చిన్న నేరం చేయడానికి సిద్ధపడ్డాడు. ఆమె వంతు వచ్చినప్పుడు మూడోవంతు దగ్గరే ఆపుతాడు. రావుగారు పది అనుకుంటారు. మూడోవంతులో పెన్సిలు గీతలు కనబడతాయి. సభలో ఎవరి దగ్గరా మీటరు ఉండదు. కాదని ఎదురు చెప్పలేని మనిషికి ఇంతకంటే పెద్ద తిరుగుబాటు తెలియదు.

*

నెలాఖరు సాయంత్రం హాలు నిండింది. మందమర్రి నుంచి చాయవ్వ కూతురు జమున, అల్లుడు, పిల్లలు వచ్చి ముందు వరుసలోనే చోటు పట్టుకున్నారు. డప్పుల బృందం ఊరేగింపు కోసం గుమ్మం దగ్గర సిద్ధంగా నిలబడింది. ఎవరూ ఫోన్ లైట్లు వేయరాదని రఘురామ్ ముందే ప్రకటించాడు. బయటి వెలుగు పడితే లోపలి హోదాలు కలిసిపోతాయి.

సూర్యప్రకాశరావుగారు నూరు శాతం వెలుగులో, ఈసారి రెప్ప వేయకుండా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నిలబడి ఫోటో తీయించుకున్నారు. ప్రేక్షకులు ఆయన చలించిపోయారనుకుని చప్పట్లు కొట్టారు. దిగిపోతున్న ఒక అధికారి వంతు కూడా నూరులోనే సుఖంగా గడిచింది. తెర చాటున మీట పట్టుకున్న విష్ణువర్ధన్ ఊపిరి పీల్చుకున్నాడు.

సరిగ్గా ఆ సమయంలో రఘురామ్‌కు మిర్చిబజ్జీల వాసన తగిలింది.

సామాన్ల గదిలో పాత బల్బుల పలక వెచ్చగా ఉందని క్యాంటీన్ వాళ్లు బజ్జీల పళ్లేన్ని దాని కింద దాచారు. రఘురామ్ తలుపు తీసి చూశాడు. ఎవరూ లేని గదిలో, ఎవరికోసమూ కాకుండా, అన్ని బల్బులు వెలుగుతున్నాయి! గోడమీద అతను స్వయంగా అతికించిన కాగితం ఉంది: విద్యుత్తును పొదుపు చేద్దాం. దేశానికి కరెంటు పంపే ఊరు. కిటికీలోంచి కరెంటు కేంద్రం పొగగొట్టం కనబడే హాలు. అందులో ఇంత దుబారా! రఘురామ్ కర్తవ్యబుద్ధితో స్విచ్చి ఆర్పాడు. బజ్జీ ఒకటి నోట్లో వేసుకుని, మిగతావి చెయిజారి పోకుండా గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుని, వెళ్లి వేదిక మీద గంభీరంగా కూర్చున్నాడు.

"ఇప్పుడు ఫోర్‌మన్ శ్రీ ఉపేందర్!" అన్నారు రావుగారు. విష్ణువర్ధన్ మీటను, పాత బల్బులతో సరిచూసి పెట్టుకున్న సగం గుర్తుకు తిప్పాడు.

జీఁ... అంది హాలు. మైకు ఆ చప్పుడును ఎత్తుకుని పదింతలు చేసింది. వెంటనే దీపాలన్నీ రెపరెపలాడసాగాయి. ఉపేందర్ ఒక క్షణం ఉన్నాడు, ఒక క్షణం లేడు. శాలువా కప్పుతున్న రావుగారి చేతులు ముక్కలు ముక్కలుగా కదిలాయి. వీడియో తీస్తున్నవాడు తన తెరలోకి చూసి, "సార్ ముఖం మీద నల్లటి గీతలు పాకుతున్నయ్!" అని కేకవేశాడు. గుమ్మం దగ్గరి డప్పులవాళ్లు ఆ మెరుపులను సైగ అనుకున్నారు. దరువు మొదలైంది. ఉపేందర్ బంధువుల్లో ఇద్దరు లేచి ఆడేశారు కూడా.

"ఆపండి! ఏంటీ తీన్మార్? ఇది సన్మానం!" అని రావుగారు అరిచారు.

జునైద్ సామాన్ల గదివైపు పరుగెత్తి, వట్టిచేతులతో తిరిగొచ్చాడు. "తాళమేసిండ్రు సార్! చెవి ఆ రఘురామ్ సారు జేబుల ఉన్నదట, క్యాంటీనోళ్లు చెప్పిండ్రు. సారేమో వేదిక మీద. ఎట్ల?"

ఎట్ల అనే ప్రశ్నకు జవాబు దొరికేలోపే దరువు ఆగింది, ఉపేందర్ దిగాడు, రావుగారు కాగితం మీది ఆఖరి వరుసకు చేరారు. చాయవ్వ వేదికెక్కింది. ముదురాకుపచ్చ చీర, చెవులదాకా బంతిపూలు. ఆమె సభవైపు చూడలేదు. తెర చాటున ఉన్న మీటవైపు, మీట మీది చేతివైపు ఒకసారి చూసి, తల కొంచెం ఊపింది.

విష్ణువర్ధన్ మూడోవంతు దగ్గర ఆపబోయాడు. పాత బల్బుల బరువు లేని దీపాలకు ఇప్పుడు మూడోవంతూ ఒకటే, సున్నా ఒకటే. ఒకసారి మిణుకుమని, అన్నీ ఆరిపోయాయి.

చీకటి. మైకు వేరే తీగ మీద ఉంది గనక అది మాత్రం బతికే ఉంది.

"కీర్తిశేషులు..." అన్నారు రావుగారు, నోటికి వచ్చినంతవరకు. "కీర్తిశేషులు శ్రీ..." కాగితం చప్పుడైంది. ఏ పక్క తిప్పినా చీకట్లో అది ఒకే రంగు. ముందు వరుసలో ఒక పిల్ల ఫోన్ లైటు వేయబోయింది. "ఎవరది? ఆపండి! పద్ధతి!" అని గద్దించారు రావుగారు. "విష్ణువర్ధన్! పది పెట్టమన్నాను కదయ్యా! పది!"

జీఁ... అని దీపాలు చీకట్లోనే మొత్తుకుంటున్నాయి.

విష్ణువర్ధన్ మీటను కొంచెం ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. చూస్తాం సార్ అన్న మాట నాలుక చివరదాకా వచ్చి సిద్ధంగా నిలబడింది. అది అంటే చాలు. ఈ చీకట్లోనే శాలువా కప్పేస్తారు, కీర్తిశేషుల భార్య చీకట్లోనే దిగిపోతుంది, ఎవరి పద్ధతీ చెడదు. చీకట్లో అతనికి ఆమె కనబడలేదు. సభా కనబడలేదు. తనవైపు తిరిగిన ముఖం ఒక్కటీ కనబడలేదు. నోరు తెరిచాడు.

"పది లేదు సార్!"

హాలు ఉలిక్కిపడింది. జునైద్ ఉలిక్కిపడ్డాడు. అందరికంటే ఎక్కువ విష్ణువర్ధన్ ఉలిక్కిపడ్డాడు.

"ఏంటీ?"

"ఈ దీపాలకు పది లేదు సార్. మొదటినుంచీ లేదు. ఉంటే పూర్తిగా ఉంటాయి, లేకపోతే అసలుండవు. ఎవరికి ఎంతో చూసి వెలగడం వీటికి రాదు."

అని, మీటను ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పేశాడు.

టప్పున వెలుగు వచ్చింది. నూరుకు నూరు. వేదిక నడుమ, ఆకుపచ్చ చీర కొంగు అంచుదాకా, బంతిపూల రేకు రేకుదాకా, నెరసిన వెంట్రుక వెంట్రుకదాకా వెలిగిపోతూ చాయవ్వ నిలబడి ఉంది. ఆమె పక్కన రావుగారు, చీకటికి అలవాటుపడిన కళ్లమీద వెలుగు పడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. వీడియోవాడి పని ఒక్కటే ఆగలేదు.

"జర సగం చేద్దునా సార్?" అని జునైద్ చెవిలో అడిగాడు.

"ముట్టుకోకు."

రావుగారు చేతులు తీసి, కాగితం ముఖానికి ఆనించుకున్నారు. కళ్లలో పచ్చని చుక్కలు తిరుగుతున్నాయి. అచ్చక్షరాలే ఈదుతున్నాయి, ఇక పెన్సిలు చీమల జాడెక్కడ? సభ చూస్తోంది. ఏదో ఒకటి పలకాలి. ఆయన మైకు పక్కకు వంచి, నీరసంగా అడిగారు.

"ఏమమ్మా... నీ పేరేంటి?"

ఆ ప్రశ్న హాలంతా వినబడింది. ముందు వరుసలో జమున లేచి నిలబడింది. చాయవ్వ పెదవులు కదిలాయి, కదిలి, మూసుకున్నాయి. తన పేరు తాను చెప్పుకోవడం ఆమె అడిగినది కాదు. నిదానంగా తల తిప్పి, తెరవైపు చూసింది.

విష్ణువర్ధన్ మీట వదిలాడు. తెర చాటునుంచి రెండడుగులు వేసి వెలుగులోకి వచ్చాడు. ఇప్పుడు ముఖాలన్నీ కనబడుతున్నాయి, అన్నీ తనవైపే తిరిగి ఉన్నాయి. మైకు రావుగారి చేతిలోనే ఉండిపోయింది. అతను దాన్ని అడగలేదు. సెకండ్ షిఫ్టు దిగి వస్తున్న మనిషి గల్లీ మొగదల నిలబడి ఇంటికి వినబడేలా ఎంత గొంతెత్తాలో అంత గొంతెత్తి, ముందేమీ చేర్చకుండా, వెనకేమీ తగిలించకుండా, పిలిచాడు.

"అనసూర్య!"